కంటికానని కందిరీగ



మన యిండ్లలో ద్వారబంధముల మూలలందును, దేవుని పటముల వెనుకను, కిటికీ చువ్వల సందులలోను బొటనవ్రేలంత మట్టిగూళ్లు కనబడుచుండును. వానిని కట్టునది నడుము సన్నని కందిరీగ. అది ఎక్కడనుండియో ఒక పచ్చపురుగును తెచ్చి, ఆ గూటిలో పెట్టి, వాకిలి మట్టితో మూసివేయును. కొన్ని దినముల పిమ్మట గూటికి చిల్లుపడి లోపలినుండి పురుగునకు మారుగా మరియొక కందిరీగ వెలువడును. దీనిని చూచియే మన పెద్దలు భ్రమరకీటన్యాయమని చెప్పిరి. లోపలి పురుగు భ్రమరమునే తలచి తలచి తుదకు తానును భ్రమరమే యైపోవునట. మా అత్తగారు చిన్ననాడు హరికథలో ఈ మాట విన్నారు. నేటికిని ఇంట సున్నము వేయు దినమున ఆ గూళ్ల నెవ్వరిని ముట్టనీయరు.

వేదాంతమునకు ఈ దృష్టాంత మెంత సొంపుగా నున్నను, గూటిలో జరుగునది వేరు. తల్లి కందిరీగ పురుగును కుట్టి, చంపక, కదలలేకుండ మాత్రము చేసి, దాని సరసనే తన గ్రుడ్డు నుంచును. గ్రుడ్డునుండి వెడలిన పిల్ల ఆ తాజా ఆహారమును తిని పెరిగి రెక్కలతో బయటికి వచ్చును. ఈ తల్లికి తేనెటీగకు వలె పట్టు లేదు, రాణి లేదు, పరిచారికలు లేరు. ఇల్లు కట్టుట, అంగడి సరకు తెచ్చుట, పిల్లకు తిండి అమర్చుట సర్వము తానొక్కతయే చేసికొనును. అందుచేతనే వీనికి ఒంటరి కందిరీగలని పేరు.

నేను చెప్పబోవునది ఈ మట్టిగూటి కందిరీగను గూర్చి కాదు, దాని దూరపు చుట్టమును గూర్చి. అదియు ఒంటరి తల్లియే. కాని దాని నిడివి అర మిల్లీమీటరు, లేదా అంతకంటెను తక్కువ. గసగస గింజ నొకదానిని తీసికొని చూడుడు. అందులో సగమునకు రెక్కలు, కాళ్లు, మీసములు, ఎర్రని కన్నులు పెట్టినచో ఆ కందిరీగ యగును. ఇంత చిన్నదానికి మట్టిగూడు కట్టు పనిలేదు. వేరొక పురుగు పెట్టిన గ్రుడ్డే దానికి గూడు. ఆ గ్రుడ్డును సన్నని సూదివంటి అవయవముతో పొడిచి, లోపల తన గ్రుడ్డు నుంచి పోవును. పురుగు పుట్టవలసినచోట కందిరీగ పుట్టును. పంటను తినవలసిన నోరు తెరచుకొనక మునుపే మూతపడును. దీని పేరు ట్రైకోగ్రామా. గ్రీకుభాషలో వెండ్రుకల గీత యని యర్థము. రెక్కలమీద సన్నని వెండ్రుకలు వరుసలు తీర్చి యుండుటచే ఆ పేరు వచ్చినది.

దీనితో మాకు పరిచయము కలిగినది పొలము మూలమున. మాది పూర్వపు కరీంనగరము జిల్లాలో జగిత్యాలకు సమీపమున నున్న పల్లె. 2016వ సంవత్సరమున జిల్లాలు విభజింపబడినప్పుడు జగిత్యాల తానే యొక జిల్లా యైనది, అది వేరు సంగతి. శ్రీరామసాగరము కాకతీయ కాలువ నీరు వచ్చిన తరువాత మా ప్రాంతమున వానాకాలము, యాసంగి రెండు కార్లును వరియే. వరి యున్నచోట మొగిపురుగు ఉండనే యుండును. తల్లి రెక్కల పురుగు ఆకు కొనలమీద గ్రుడ్ల నొక ముద్దగా పెట్టి, తన తోకవైపు గోధుమవన్నె నూగుతో కప్పిపోవును. పిల్ల పురుగు కాండమును తొలుచుకొని లోపలికి పోయిన పిమ్మట ఏ మందు చల్లినను దానికి తగులుట కష్టము. లేతపైరున మొగి యెండిపోవును, ఈనినపైరున తెల్లకంకి వచ్చును. తెల్లకంకిని చూచిన యిల్లాలికి ఆ యేటి లెక్కలన్నియు ఒక్కసారి కండ్లముందు తిరుగును. ఏ సొమ్ము కుదువపెట్టవలెనో, ఎవరి చదువు ఏ కళాశాలలో ఆగునో అప్పుడే తెలిసిపోవును.

గడచిన యాసంగిలో మావారు మందులకు మారుగా ట్రైకోకార్డులు తెచ్చి కట్టిరి. ఈ కార్డుల సంగతి మన సోదరీమణులకు వినోదముగా నుండును గనుక కొంచెము నిలిచి చెప్పెదను. మన గుమ్మిలోని జొన్నలలోను, డబ్బాలోని పాతబియ్యములోను గింజలను దారముతో అల్లినట్లు జాలెకట్టి, మూత తీసినంతనే బూడిదవన్నె రెక్కలతో ముఖముమీదికి ఎగురు పురుగున్నది కదా! జల్లెడ పట్టి, చాటతో చెరిగి, ఎండబోసి మనము జీవితమంతయు దానితో యుద్ధము చేయుచున్నాము. ప్రయోగశాలలో ఆ పురుగునే పెట్టెలనిండ పగులగొట్టిన జొన్నలు పోసి పోషింతురు. దాని గ్రుడ్లను ఏరి, జిగురు పూసిన అట్టమీద చల్లి, లోపలి జీవము పెరుగకుండ ఒకవిధమైన కాంతిలో నుంచి, పిమ్మట ట్రైకోగ్రామాలకు అప్పగింతురు. ఒక్క అట్టమీద పదునెనిమిది వేలనుండి ఇరువదివేల వరకు గ్రుడ్లుండును. మూడు నాలుగు దినములలో ఆ గ్రుడ్లు నల్లబడును, వారము దాటగా కందిరీగలు వెలువడును. ఆ కార్డును ముక్కలుగా కత్తిరించి చల్లనివేళ ఆకుల అడుగున తగిలింపవలెను. వరికి హెక్టారుకు లక్ష కందిరీగలు విడువవలెనని లెక్క. మన జొన్నలు చెరచిన పురుగే మన వరిని కాపాడుదానికి దాది యైనదని నేను మొదట విన్నప్పుడు, జల్లెడ చేతనుండగా నవ్వు వచ్చినది.

అయితే వరి మొగిపురుగు గ్రుడ్లమీదికి పంపవలసినది ట్రైకోగ్రామా జపానికమ్ అను రకము. ఆకుముడత పురుగునకు, చెరకు తొలుచు పురుగునకు వాడునది ట్రైకోగ్రామా కిలోనిస్ అను మరియొక రకము. ఒక్కొక్కదానికి ఒక్కొక్క యిల్లు, ఒక్కొక్క రుచి. దుకాణములో అట్టమీద ఏ పేరు ముద్రించినను, లోపలిది ఏదియో చూచి చెప్పగలవా రెందరు?

మా అక్కగారి కూతురు వ్యవసాయ కళాశాలలో కీటకశాస్త్రము చదువుచున్నది. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు మిగిలిన కార్డుముక్క నొకదానిని గాజుగొట్టములో వేసి, నోటికి పల్చని గుడ్డ కట్టి, పూజగది గూటిలో పెట్టినది. రెండవనాటి ఉదయమున గొట్టము గోడలమీద ధూళివంటిది ప్రాకుచుండెను. సెల్‌ఫోనుతో బొమ్మ తీయుటకు మావాడు ప్రయత్నించెను గాని చుక్క చుక్కగానే నిలిచినది. పిల్ల భూతద్దము పెట్టి చాలసేపు చూచి తల యూచినది.

"చిన్నమ్మా, దుకాణమాయన ఇది నల్లరకమని చెప్పిండా?"

"అవును బిడ్డా. జపానికమ్ నల్లగుంటదట గద."

"నల్లగనే ఉంటది. కని చలికాలంల పసుపుపచ్చ రకం సుత నల్లబడ్తది. రంగు జూసి నమ్మొద్దు."

దాని మాటలోని యథార్థము తరువాత నాకు బోధపడినది. ఈ కందిరీగలు గ్రుడ్డులోపల రూపు దిద్దుకొనునప్పుడు చలి తగిలిన కొలది మేనిరంగు ముదురును. మా ఉత్తర తెలంగాణమున, అందులోను గోదావరి కావలనున్న ఆదిలాబాదు ప్రాంతమున, పుష్యమాసపు చలి ఎట్టిదో చెప్పనక్కరలేదు. పరిమాణమును నమ్మదగినది కాదు. పెద్ద గ్రుడ్డులో పెరిగినది పెద్దదిగా, చిన్న గ్రుడ్డులో పెరిగినది చిన్నదిగా నుండును. ఒకే తల్లి పిల్లలు ఇరువురు ఇట్లుండవచ్చును. రంగును, పొడవును తీసివేసిన పిమ్మట అర మిల్లీమీటరు ప్రాణిలో గుర్తింపదగినది ఇక ఏమి మిగులును?

ఈ ప్రశ్నయే శాస్త్రలోకమును నూరేండ్లకు పైగా చిక్కులు పెట్టినది. ఈ గణమునకు మొదటి రకముగా ఇంగ్లండులో వెస్ట్‌వుడ్ అను పండితుడు 1833లో ట్రైకోగ్రామా ఎవనెసెన్స్ అను పేరు పెట్టెను. అమెరికాలో 1871లో రైలీ అనునతడు మైన్యూటమ్ అను మరియొక పేరు పెట్టెను. ఆస్ట్రేలియానుండి గిరాల్టు 1912లో ఆస్ట్రాలికమ్ అను పేరు తెచ్చెను. అటు పిమ్మట ఏ దేశమున ఏ గ్రుడ్డునుండి ఇట్టి కందిరీగ వచ్చినను చేతికి అందిన పేరు దానికి తగిలించిరి. మన దేశమున చెరకుతోటలలో విడిచిన కందిరీగలను కొందరు మైన్యూటమ్ అనిరి, కొందరు ఎవనెసెన్స్ అనిరి, మరికొందరు ఆస్ట్రాలికమ్ అనిరి. ఒకచోట పని చేసినదని వ్రాసిన కందిరీగయే మరియొకచోట పని చేయలేదని వ్రాసిరి. అవి యొకటియో వేరో తెలియక ఆ వ్రాతలను పోల్చి ప్రయోజనమేమి? ఒకే యింటిపేరు గల పదిమందికి ఒక్కటే మందుచీటి వ్రాసినట్లుండెను.

ఈ ముడిని విప్పినవారు బెంగుళూరులో నుండిరి. కామన్‌వెల్తు జీవనియంత్రణ సంస్థవారి భారతశాఖ 1957లో ఆ నగరమున స్థాపింపబడినది. అచ్చట పనిచేసిన సుధా నాగరకట్టి అను విదుషియు, హెచ్. నాగరాజ అను ఆమె సహోద్యోగియు 1968లో మొదట ఒక పెండ్లిపరీక్ష పెట్టిరి. ఆస్ట్రాలికమ్ అని పిలువబడునది, ఎవనెసెన్స్, మైన్యూటమ్ ఈ మూటిని ఒకదానితో నొకటి జతపరచి సంతానము కలుగునేమో చూచిరి. ఈ పరీక్షలోని చమత్కారము స్త్రీలమైన మనము ప్రత్యేకముగా గ్రహింపదగినది.

కందిరీగల వంశములో మగపిల్లకు తండ్రి అక్కరలేదు. తల్లి తన గ్రుడ్డును మగవాని బీజముతో కలుపక పెట్టినచో కొడుకు పుట్టును, కలిపి పెట్టినచో కూతురు పుట్టును. కలుపుటయు మానుటయు తల్లి యిష్టము. కావున రెండు జాతులను ఒకే గొట్టములో నుంచినప్పుడు పిల్లలు పుట్టినంతమాత్రమున పెండ్లి జరిగినదనుటకు వీలులేదు. అందరును కొడుకులే యైనచో ఆ తల్లి ఒంటరిగానే కన్నదని యర్థము. కూతుళ్లు పుట్టినప్పుడే సంబంధము నిజము. మన లోకములో కూతురు పుట్టినదని ముఖము ముడుచుకొను ఇండ్లు ఇంకను ఉన్నవి. అచ్చట మాత్రము ఇద్దరు శాస్త్రజ్ఞులు గొట్టము వెంట గొట్టము కూతురికై వెదకిరి. ఆ జాతుల నడుమ సంబంధము కుదురలేదు. మూడును వేర్వేరు జాతులని తేలినది.

వేరని తేలిన పిమ్మట వానిని వేరుగా గుర్తించు చిహ్నము కావలెను. ప్రతిసారియు పెండ్లిపరీక్ష పెట్టుటకు ఎవరికి తీరును? వారు ఆ చిహ్నమును మగపురుగు జననాంగమునందు కనుగొనిరి. ఈ మాట గృహిణుల పత్రికలో వ్రాయుటకు కలము ఒక క్షణము తడబడిన మాట నిజమే. మా అత్తగారు విని "ఎంత చదువైనా గదేం జూసుడు బిడ్డా!" అని నోటిమీద చేయి వేసికొనిరి. కాని అడవికాకరను ఊరకాకరను పువ్వు విప్పి చూచి పోల్చు మనకు ఇందులో సిగ్గుపడవలసిన దేమున్నది? పువ్వునందలి కేసరములును అట్టివే కదా. రంగు చలికి మారును, పొడవు తిండికి మారును. ఈ యవయవము మాత్రము ఒక జాతియందు ఒక విధముగను, వేరొక జాతియందు వేరొక విధముగను స్థిరముగా నుండును. 1971లో వారిరువురు తెలిసిన జాతులనే తిరిగి వర్ణించి, ఈ చిహ్నమే ప్రధానమని ప్రకటించిరి. నేటికిని ప్రపంచమంతట ట్రైకోగ్రామాను పరీక్షించువారు ముందుగా మగపురుగును వెదకుట అప్పటినుండి వచ్చిన వాడుక.

వారు శోధించుచుండగానే క్రొత్త జాతులును బయటపడినవి. మన తెలంగాణపు మెట్టచేలలో ఆముదమునకు పట్టు దాసరి పురుగును ఎరుగనివారు లేరు. ఆ పురుగునకు శాస్త్రీయముగా అకియా అని పేరు. దాని పేరిటనే ట్రైకోగ్రామా అకియే అను జాతికి 1970లో వారిరువురును నామకరణము చేసిరి. అప్పటికి అది ఎవ్వరి కంటను పడని యనామకురాలు. దక్షిణ అమెరికానుండి వచ్చిన టమాటపురుగు 2006లో స్పెయిన్ దేశమున ప్రవేశించి తోటలను నాశనము చేయ నారంభింపగా, కొలది యేండ్లలోనే అచ్చటివారు ఈ అకియేను పెంచి గాజుయిండ్లలో విడిచిరి. ఆముదపుచేని పురుగు పేరు పెట్టుకొన్న కందిరీగ స్పెయిన్ టమాటను కాచినది! పేరు సరిగా తెలిసి యుండబట్టి కదా దాని నడిగి తెప్పించుకొనుట సాధ్యమైనది.

సరే, మా కార్డు సంగతికి వత్తము. పిల్ల గొట్టములోని కందిరీగలను సారాయిద్రవములో వేసి తనతో తీసికొనిపోయినది. వారము తరువాత నన్నును తన ప్రయోగశాలకు పిలిచినది. అచ్చట నేను చూచినది చెప్పెదను. ముందుగా మగవానిని ఆడుదానినుండి వేరుచేయవలెను. మగదాని మీసములకు పొడవైన వెండ్రుకలు సీసాకుంచెవలె నిక్కి యుండును. ఆడుదాని మీసము కొన గదవలె ఉబ్బి పొట్టి వెండ్రుకలతో నుండును. ఏరిన మగవానిని క్షారద్రవములో నానబెట్టగా కండ కరగి దేహము అద్దమువలె పారదర్శక మగును. దానిని ఒక కనురెప్ప వెండ్రుకను పుల్లకు అంటించిన పనిముట్టుతో ఎత్తి, గాజుపలకమీద జిగురుద్రవపు బొట్టులో పరచి, పైన సన్నని గాజుబిళ్ల కప్పవలెను. ముగ్గు పెట్టునప్పుడు మన వ్రేళ్ల కుండు నిలుకడ ఇక్కడ ఊపిరికి కూడ కావలెను. తుమ్మినచో ఆ మగవాడు శాశ్వతముగా మాయమైనట్లే. మా పిల్ల మొదటి రెండింటిని అట్లే పోగొట్టినది.

నాలుగువందల రెట్లు పెంచి చూపు సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టితిని. పొట్ట కొనయందు చిన్న పడవ బోర్లించినట్లు ఒక తొడుగు. అందులో ఇరుప్రక్కల పటకారు కొనలవంటివి. వాని నడుమ సన్నని కోల. వీనిపైన కప్పుగా ఒక పలక. పిల్ల వ్రేలితో ప్రక్కన కాగితముమీద గీసి చూపినది. ఆ పలక త్రికోణాకారముగా ఉండి, మొదట ఇరువైపుల భుజములవలె విప్పారియున్నచో అది కిలోనిస్. జపానికమ్ జాతిలో ఆ భుజముల త్రికోణము కానరాదు. నేను ఎంతసేపు చూచినను త్రికోణమును, దాని రెండు భుజములును స్పష్టముగానే యున్నవి. మరి యేడు పలకలు చూచితిమి. ఏడింటను అదియే.

చలికి నల్లబడిన పచ్చరకము నల్లరకము పేరున మా యింటికి వచ్చినదన్నమాట. అమ్మినవాడు తెలిసి చేసెనో తెలియక చేసెనో నేను చెప్పజాలను. వానికి పైనుండి వచ్చిన పెట్టెమీద ఎట్లుండెనో అట్లే అమ్మియుండును. మావారు పోయి అడుగగా ఆయన "పురుగు పురుగే గద" అని నవ్వెనట. ఆ నవ్వునకు మాకు రెండెకరముల తెల్లకంకి వెల యైనది. పురుగు పురుగే యనువానికి బియ్యము బియ్యమే యని నూకలు కొలచి యిచ్చినచో ఒప్పుకొనునా?

ఇంతకును ఈ కిలోనిస్ పేరు వెనుకను ఒక చిన్న కథ యున్నది. మన దేశమున ఆస్ట్రాలికమ్ అని చిరకాలము పిలిచినది ఆస్ట్రేలియాదానితో సరిపోలుట లేదని తేలగా, ఇటలీదేశపు విజ్ఞాని 1976లో దానికి కన్‌ఫ్యూజమ్ అని పేరు పెట్టెను. గందరగోళపడినదని యర్థము! తీరా 1979లో నాగరకట్టి, నాగరాజగార్లు పరిశీలించి, అది 1941లోనే జపానునందు ఇషీ అనునతడు వర్ణించిన కిలోనిస్ అని తేల్చిరి. కావున పాత పుస్తకములలో ఆస్ట్రాలికమ్ అని కనబడినచో చాలచోట్ల అది మన కిలోనిసే.

పిల్ల చేసిన మరియొక పని మా పల్లెలోని ఆడువారికి ఎక్కువ నచ్చినది. నాట్లకు ముందు నారుకొనలు త్రుంచుట మన ప్రాంతమున ఎరిగినదే. కొనలమీది గ్రుడ్లముద్దలు దానితో పోవును. త్రుంచినవానిని కాల్చుటయో గట్టున పారవేయుటయో చేయుదురు. ఆమె వానిని కాల్చనీయలేదు. వెడల్పు పళ్లెములో నీరుపోసి, నడుమ ఇటుకపెట్టి, దానిమీద కొనల నుంచి, గట్టుమీద పొలములోనే పెట్టించినది. గ్రుడ్లనుండి మొగిపురుగు పిల్లలు వచ్చినచో నీటిలో పడి చచ్చును. కందిరీగలు వచ్చినచో ఎగిరి పొలములోనికే పోవును. ఎవ్వరును కొనక, ఎవ్వరును అమ్మక, పొలములో తమంతట తామే యుండు కందిరీగలివి. వానిని కాల్చినచో మన సైన్యమును మనమే కాల్చుకొన్నట్లు.

ఒక ముద్దను గాజుసీసాలో వేసి ఇంటికి తెచ్చి చూపినది. అందుండి మూడు విధముల చిన్నప్రాణులు వచ్చినవి. వానిని వేరుచేయు ఉపాయము చిన్నపిల్లలకు కూడ వచ్చునంత సులభముగా నున్నది. పాదమునందలి కణుపులు లెక్కింపవలెను. మూడు కణుపులున్నచో ట్రైకోగ్రామా. నాలుగున్నచో టెట్రాస్టికస్. అది కొంచెము పెద్దది, లోహపు మెరుగు గలది. దాని పిల్ల ఒక గ్రుడ్డుతో తృప్తిపడక ప్రక్కనున్న గ్రుడ్లను కూడ తినివేయును. ఐదున్నచో నల్లని టెలినోమస్. మా చిన్నది భూతద్దము విడువక సాయంకాలమువరకు మూడు, నాలుగు, ఐదు అని కేకలువేయుచు కూర్చున్నది. ఆనాడు దానికి ఎక్కముల పుస్తకము తెరచు పని లేకపోయినది.

ఈ కందిరీగ బుద్ధి మన కెంతో ఆశ్చర్యము కలిగించును. ఒక గ్రుడ్డుమీద వాలిన తల్లి ముందుగా దానిమీద అటునిటు నడచి దాని కొలత తెలిసికొని, అందులో ఎందరు పిల్లలకు తిండి సరిపోవునో అన్ని గ్రుడ్లే పెట్టును. వేరొక తల్లి అంతకుముందే పెట్టిపోయిన గ్రుడ్డైనచో వాసనచేత గుర్తించి వదలిపోవునని జార్జి సాల్టు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1937లోనే చూపెను. పదిమందికి పొయిలో బియ్యము వేయునప్పుడు మనము చేయు లెక్కయే కదా ఇది! ఇంత లెక్క చేయు మెదడెంతయుండును? ఈ కుటుంబములోనే మెగాఫ్రాగ్మా యను దానిని రష్యాదేశపు పోలిలోవ్ 2012లో పరిశోధించెను. మిల్లీమీటరులో అయిదవవంతున్న దాని దేహములో మెదడుకణములు సుమారు ఏడువేల నాలుగువందలు. అందులో చాలవానికి నడుమనుండవలసిన కేంద్రబీజము కూడ లేదు. చోటు చాలక ఎదుగుదల ముగియునప్పుడు వదలివేసినవట. అయినను అది ఎగురును, వెదకును, గ్రుడ్డు పెట్టును.

మా అక్కగారిది గోదావరి కావలి గట్టు, పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని నిర్మలు ప్రాంతము. వారిది నల్లరేగడి, పత్తిపంట. 2002లో బీటీపత్తి వచ్చినప్పుడు పురుగుబాధ తీరినదని అందరును సంతోషించిరి. ఎనిమిదేండ్లు తిరుగకముందే గుజరాతులో గులాబిరంగు పురుగు దానిని జీర్ణించుకొనగలదని తెలిసెను. కొన్నాళ్లకు ఆ పురుగు మన దేశపు పత్తిచేలను చాలచోట్ల చుట్టుకొన్నది. కాయ పగిలినప్పుడు తెల్లగా రావలసిన దూది పచ్చడివలె వచ్చుచున్నదని అక్క చెప్పుకొని కన్నీరు పెట్టినది. ఏరు కూలి కూడ గిట్టదు. ఆ పురుగు గ్రుడ్డునకు తగినది ట్రైకోగ్రామటాయిడియా బాక్ట్రే యను కందిరీగ. దీనికి కూడ నాగరాజగారే 1979లో పేరు పెట్టిరి. చూపునకు ట్రైకోగ్రామావలెనే యుండును గాని మగదాని మీసమును చూచినచో తేడా తెలియును. ట్రైకోగ్రామా మగదాని మీసపు కొన యొకే ముక్క. బాక్ట్రేలో అది కణుపులు కణుపులుగా నుండును. మా యనుభవము విన్న అక్క ఈ యేడు కార్డులు కొనుటకు ముందే "గొట్టంల రెండు దినాలు పెట్టి బిడ్డకు జూపినంకనే పైసలిస్త" నని దుకాణములో చెప్పినదట. ఆయన మొదట విసిగికొనెను గాని తుదకు ఒప్పుకొన్నాడు.

మగపురుగును చూచి గుర్తించు ఈ పద్ధతి యొక్కచోట చెల్లదు. కొన్ని ట్రైకోగ్రామా వంశములలో మగవారే పుట్టరు. తరతరములుగా కూతుళ్లే. వోల్‌బాకియా యను సూక్ష్మజీవి వాని లోపల కాపురముండి, తండ్రి లేకయే కూతుళ్లు పుట్టునట్లు చేయుచున్నదని తరువాత తెలిసినది. ఆ తల్లులకు సూక్ష్మజీవులను చంపు మందు పెట్టగా మరల కొడుకులు పుట్టిరని డచ్చిదేశపు స్టౌట్‌హామర్ మొదలైనవారు 1990లో ప్రకటించిరి. మగవాడు లేనిచోట అవయవ చిహ్న మెక్కడ వెదకుదుము? అట్టివానికి ఇప్పుడు జన్యుపదార్థములో ఒక చిన్న భాగమును చదివి జాతి నిర్ణయించుచున్నారు. అంతటి యంత్రములు పెద్ద సంస్థలలో నుండును గాని జగిత్యాలలో ఒక విద్యార్థిని బల్లమీద ఉండవు. గాజుపలక, క్షారము, కనురెప్ప వెండ్రుక ఉండును.

ప్రస్తుతము మా పూజగది గూటిలో మరియొక గొట్టమున్నది. అందులో నారుకొనలనుండి వచ్చినవి తిరుగుచున్నవి. మావారు ఈ యాసంగికి కార్డులు కొనలేదు. గట్టున ఏడు పళ్లెములు పెట్టించిరి. పిల్ల ఆదివారమునాడు వచ్చి మగవానిని ఏరెదనని కబురు చేసినది. గొట్టపు మూతి గుడ్డను పిల్లలు లాగకుండ మా అత్తగారు కాపలా కాయుచున్నారు.